చీము లేదు, క్రిమి లేదు.. మరి జ్వరమెందుకు?

ఒక రక్తపరీక్ష కాగితం ఊహించుకోండి. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగిన నలభై ఏళ్ల రైతుది. తోలు ఎక్కడా తెగలేదు. ఆస్పత్రిలో చేరిన మర్నాటికి జ్వరం 101. కాగితం మీద తెల్లరక్తకణాలు 15,800, అందులో న్యూట్రోఫిల్స్ 86 శాతం. వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ 10 లోపు ఉండాల్సింది 130కి చేరింది. కింద చివరి వరుసలో బ్లడ్ కల్చర్: ఏ క్రిమీ పెరగలేదు.

వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఎముకల వార్డు ముందు ఇలాంటి కాగితం పట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "లోపట చీము వట్టిందా సారూ?" లేదమ్మా, దెబ్బకు వచ్చిన జ్వరమే అని డాక్టర్ అంటే నమ్మకం కుదరదు. "మరి మంచి సూది ఎందుకు ఏస్తలేరు?" అని రెండో ప్రశ్న. ఆ మంచి సూది అంటే యాంటీబయాటిక్.

ఈ అనుమానానికి అర్థం లేకపోలేదు. జ్వరం, వాపు, తెల్లకణాలు పెరగడం అంటే ఒంట్లో క్రిములు చేరినట్టే అని బడి పుస్తకం నుంచి మెడికల్ షాపు దాకా అందరూ చెప్పిందే. వైద్య పరిశోధకులు కూడా చాలాకాలం దాదాపు అలాగే ఆలోచించారు. క్రిమి ఒక్కటీ లేకుండా దెబ్బతిన్న కణాలే రోగనిరోధక వ్యవస్థను లేపగలవన్న ఆలోచన 1990ల తర్వాతే బలపడింది. అది ఎంతవరకు నిజమన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

కణం చావడంలో రెండు తీరులు

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి మొత్తం మారిపోతుంది. ఇన్ని చావులకూ వాపు రాదు, జ్వరం రాదు. కారణం, అవి పద్ధతి ప్రకారం చస్తాయి. ఈ తీరు చావుకు 1972లో అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. కణం తనంతట తాను ముడుచుకుని చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. పొర మాత్రం చినగదు. మామూలుగా పొర లోపలివైపు ఉండే ఫాస్ఫటిడైల్‌సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటివైపుకు తిరుగుతుంది. దాన్ని గుర్తుపట్టిన మాక్రోఫేజ్ కణాలు వచ్చి ఆ పొట్లాలను మింగేస్తాయి. మింగుతూనే, గొడవేం లేదని చుట్టుపక్కలకు చెప్పే రసాయనాలు కూడా వదులుతాయి.

రెండోది నెక్రోసిస్. ఎముక విరిగి కండరం నలిగినా, ఒళ్లు కాలినా, రక్తం అందక గుండె కండరం ఆగిపోయినా జరిగేది ఇది. పొర పగులుతుంది. లోపల ఉండాల్సిన సరుకంతా బయటపడుతుంది.

ఆ సరుకులో విషం ఏమీ లేదు. అన్నీ మన సొంతవే, ప్రతి కణంలోనూ నిత్యం ఉండేవే. తేడా అల్లా చోటులో ఉంది. బియ్యం ఇంట్లో గాబులో ఉంటే ఎవరూ పట్టించుకోరు, అవే బియ్యం నడివీధిలో పారబోసి కనబడితే ఊరంతా ఆగి ఆ ఇంటివైపు చూస్తుంది. రోగనిరోధక కణాలూ అంతే. ఫలానా అణువు సొంతదా పరాయిదా అన్నదానికంటే, ఇది ఇక్కడెందుకుంది అన్నదే వాటికి కబురు. ఇలా చోటు తప్పి కనబడే సొంత అణువులను శాస్త్రవేత్తలు డ్యాంప్‌లు అంటున్నారు. నష్టానికి గుర్తులుగా పనిచేసే అణువులని అర్థం. క్రిముల మీద మాత్రమే ఉండే గుర్తులకు ప్యాంప్‌లని పేరు.

బయటపడే సరుకులో ఏముంటుంది

మొదట చెప్పుకోవాల్సింది ఏటీపీ. కణం వాడే ఇంధనం ఇది. కణం లోపల దీని గాఢత మిల్లీమోలార్లలో, బయట నానోమోలార్లలో ఉంటుంది. అంటే తేడా లక్షల రెట్లు. పొర పగిలిన క్షణంలోనే చుట్టూ ఏటీపీ ఎగబాకుతుంది. ఇరుగుపొరుగు కణాలకు దాన్ని పసిగట్టే గ్రాహకాలు, అంటే అణువులను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు ఉన్నాయి.

తర్వాత హెచ్‌ఎంజీబీ1. కేంద్రకంలో డీఎన్ఏని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్. నెక్రోసిస్‌లో ఇది జారి బయటికొస్తుంది, అపాప్టోసిస్‌లో డీఎన్ఏకి గట్టిగా అతుక్కుపోయి ఉండిపోతుంది. ఈ తేడాను 2002లో చూపించారు. యూరిక్ యాసిడ్ సంగతి 2003లో బయటపడింది. చచ్చే కణాల చుట్టూ దాని గాఢత పెరిగి, సన్నని స్ఫటికాలు కట్టి, రోగనిరోధక వ్యవస్థలో కబురు మోసే డెండ్రైటిక్ కణాలను లేపుతుంది.

నా మటుకు వీటన్నిటిలో ఆసక్తికరమైనది మైటోకాండ్రియా కథ. కణానికి శక్తి తయారుచేసే ఈ భాగాలు వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట విడిగా బతికిన బ్యాక్టీరియా. మరో కణంలో చేరి అక్కడే స్థిరపడిపోయాయి. అయినా పాత గుర్తులు పోలేదు. వాటి డీఎన్ఏ ఇప్పటికీ బ్యాక్టీరియా డీఎన్ఏలా గుండ్రంగా ఉంటుంది. అవి చేసుకునే ప్రొటీన్లు బ్యాక్టీరియా ప్రొటీన్లలాగే ఫార్మైల్ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతాయి. కణం లోపల ఉన్నంతసేపు ఇది ఎవరికీ తెలియదు. కండరం నలిగి మైటోకాండ్రియా ముక్కలు రక్తంలో కలిస్తే, బ్యాక్టీరియాను పట్టుకోవడానికి ఉన్న గ్రాహకాలే వీటినీ పట్టుకుంటాయి. 2010లో వెలువడ్డ ఒక పరిశోధనలో, పెద్ద గాయాలైనవారి రక్తంలో మైటోకాండ్రియా డీఎన్ఏ ఆరోగ్యవంతుల కంటే వేల రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. వాళ్లకు ఇన్ఫెక్షన్ లేదు. ఒళ్లు మాత్రం ఇన్ఫెక్షన్ వచ్చినట్టే ప్రవర్తించింది. ఆ రైతు కాగితం మీద బ్యాక్టీరియా లేకుండానే బ్యాక్టీరియా అంకెలు రావడానికి ఇదొక పెద్ద కారణం.

అయితే మంటపుట్టిన ప్రతిచోటా కణాలు చచ్చినట్టు కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్లో హమాలీల చేతులు, కళ్లు మండుతాయి. మిరపలోని క్యాప్సైసిన్ నరాల కొసల మీదున్న టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. దాదాపు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేదీ అదే ద్వారం. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ నరాల కొసలే రసాయనాలు వదిలి చర్మాన్ని ఎర్రబరుస్తాయి కూడా. కణం చావక్కర్లేదు, నరం అలా భ్రమపడితే చాలు.

విరిగిన తొడ: గంట గంటకూ

మళ్లీ ఆ రైతు దగ్గరికి వద్దాం. తొడ ఎముక విరిగితే తోలు తెగకపోయినా లోపల లీటరు, ఒక్కోసారి లీటరున్నర రక్తం కారి గడ్డకడుతుంది. విరిగిన కొసల దగ్గర మజ్జ, కండరం, సన్న రక్తనాళాలు నలిగిపోతాయి. అక్కడి కణాలు లక్షల్లో పగులుతాయి.

నిమిషాల్లో ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1, మైటోకాండ్రియా ముక్కలు చుట్టూ పరుచుకుంటాయి. ఆ చోటే కాపురముండే మాక్రోఫేజ్‌లు ముందు వీటిని గమనిస్తాయి. వాటి లోపల రెండంచెల ఏర్పాటు ఉంది. మొదటి సంకేతం తగిలితే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనం సగం తయారై ఆగుతుంది. ఏటీపీ లాంటి రెండో సంకేతం తగిలితేనే ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రొటీన్ల కట్ట ఏర్పడి దాన్ని కోసి పూర్తిచేసి బయటికి పంపుతుంది. స్విట్జర్లాండ్‌లో యూర్గ్ చోప్ బృందం 2002లో వివరించిన కట్ట ఇది. ఒక్క సంకేతానికే కణం తొందరపడితే చిన్న చిన్న దెబ్బలకు కూడా మంచం పట్టాల్సి వచ్చేది.

గంటల్లో న్యూట్రోఫిల్స్ రక్తంలోంచి గాయం వైపు మళ్లుతాయి. ఎముక మజ్జ కొత్తవాటిని వదులుతుంది. కాగితం మీద 15,800 కనబడటం అందుకే. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 రక్తం వెంట మెదడుకు చేరితే అక్కడ ఒంటి వేడి ఎంతుండాలో నిర్ణయించే చోట గీత పైకి జరుగుతుంది. అదే జ్వరం. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయాన్ని తాకితే సీఆర్‌పీ తయారవుతుంది. దెబ్బ తగిలిన ఆరేడు గంటలకు పెరగడం మొదలై, రెండో మూడో రోజుకు శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగుతుంది.

ఇదంతా వృథా ప్రయాసేం కాదు. చచ్చిన కణాలను ఊడ్చేదీ, కొత్త రక్తనాళాలను పిలిచేదీ, ఎముక అతికే పని మొదలుపెట్టేదీ ఈ వాపే. ఎలుకల్లో టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతం పనిచేయకుండా చేసి చూస్తే ఎముక అతుకుడు ఆలస్యమైంది.

కాగితం చూసి తేల్చడం ఎందుకు కష్టం

క్రిమి గుర్తులూ, దెబ్బతిన్న కణం గుర్తులూ చాలాచోట్ల ఒకే గ్రాహకాలను తాకుతాయి. అక్కణ్నుంచి కింది దారి ఒకటే. అందుకే సీఆర్‌పీ ఒక్కటే చూసి ఇది దానివల్లా దీనివల్లా అని చెప్పడం కుదరదు. ప్రోకాల్సిటోనిన్ అనే మరో రక్తపరీక్ష అంకె కొంత నయం, బ్యాక్టీరియా ఉన్నప్పుడు ఎక్కువగా పెరుగుతుంది. కానీ పెద్ద గాయాలు, కాలిన గాయాలు, పెద్ద ఆపరేషన్ల తర్వాత అదీ పెరుగుతుంది. డాక్టర్లు ఒక అంకెకంటే నడతను నమ్మడం ఇందుకే. దెబ్బ తగిలిన మొదటి 48 గంటల్లో వచ్చి తగ్గే జ్వరం ఒక తీరు. తగ్గిన సీఆర్‌పీ నాలుగైదు రోజులకు మళ్లీ లేస్తే అది వేరే తీరు.

ఇక్కడో మెలిక ఉంది. పెద్ద గాయం తర్వాత రోగనిరోధక వ్యవస్థ కొంతకాలం మందగిస్తుంది కూడా. కాబట్టి మొదట్లో క్రిమి లేని జ్వరమే ఉన్న మనిషికి వారం తిరిగేసరికి నిజమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. మొదటి రోజు వార్డులో అడిగితే తప్పుగా తోచిన ప్రశ్న ఎనిమిదో రోజు సరైనదే కావచ్చు.

సొంతమా, పరాయా, ప్రమాదమా: తెగని వాదన

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ ఆలోచన రాజ్యమేలింది. ఒళ్లు తన సొంత అణువులను చిన్ననాడే నేర్చుకుని వదిలేస్తుంది, పరాయివాటి మీద పడుతుంది అన్నది ఆయన మాట. 1960లో పీటర్ మెడావర్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. అవయవ మార్పిడిలో ఎదురయ్యే తిరస్కారానికి ఇది చక్కగా సరిపోయింది.

సరిపోనివీ ఉన్నాయి. రోజూ తినే పప్పన్నం పరాయిదే. పేగుల్లో కోట్లాది బ్యాక్టీరియా పరాయివే. తల్లి కడుపులో బిడ్డ సగం తండ్రి పోలిక, అంటే సగం పరాయి. వీటి మీద ఒళ్లు దాడి చేయదు. శుద్ధిచేసిన పరాయి ప్రొటీన్ ఒక్కదాన్నే సూదితో ఎక్కిస్తే స్పందన చప్పగా ఉంటుంది. అందులో పటిక జాతి అల్యూమినియం లవణమో, చచ్చిన బ్యాక్టీరియానో కలిపితే తప్ప టీకా పట్టదు. దీన్ని రోగనిరోధక శాస్త్రజ్ఞుల 'చెప్పుకోని చిన్న గుట్టు' అన్నారు అమెరికాకు చెందిన చార్ల్స్ జేన్‌వే, 1989లో. ఆయన జవాబు: పరాయిదైతే చాలదు, క్రిమి గుర్తు కనబడాలి. ఆ గుర్తులను పట్టే గ్రాహకాలు పుట్టుకతోనే ఉండాలి. 1996లో ఈగల్లో, 1998లో ఎలుకల్లో అలాంటివి దొరికాయి. జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బ్యూట్లర్‌లకు 2011 నోబెల్‌లో వాటా వచ్చింది. జేన్‌వే అప్పటికే లేరు.

1994లో పాలీ మాట్జింగర్ ఇంకో అడుగు వేశారు. ఆమె సంగతి చెప్పకుండా ఉండలేను. శాస్త్రంలోకి రాకముందు బార్‌లో వడ్డించారు, జాజ్ వాయించారు, కుక్కలకు శిక్షణ ఇచ్చారు. 1978 నాటి తన పరిశోధన పత్రానికి సహ రచయితగా తన కుక్క పేరు వేశారు. ఆమె వాదన ఇది: ఒంటికి ఎవరు పరాయి అన్నది ముఖ్యం కాదు, ఎవరు హాని చేస్తున్నారన్నదే ముఖ్యం. హాని జరిగిందని చెప్పేది దెబ్బతిన్న కణమే. హాని చేయని పరాయిని ఒళ్లు భరిస్తుంది.

మూత్రపిండ మార్పిడి అంకెలు ఆమె వైపు నిలిచాయి. అమెరికాలో 1995లో వెలువడ్డ లెక్కల ప్రకారం, భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చుకున్న కిడ్నీలు మూడేళ్ల తర్వాత 85 శాతం పనిచేస్తున్నాయి. తల్లిదండ్రులు ఇచ్చినవి 82 శాతం. చనిపోయినవారి నుంచి తీసినవి 70 శాతం. భార్యాభర్తలకు రక్తసంబంధం లేదు, కణజాలం పోలిక తక్కువ. అయినా తల్లిదండ్రుల కిడ్నీకి ఏమాత్రం తీసిపోలేదు. బతికున్న మనిషి కిడ్నీ తక్కువ దెబ్బతిని చేరుతుంది, అదీ సంగతి అన్నారు ఆ లెక్కలు తీసినవాళ్లు.

ఎదుటి పక్షానికీ బలమైన ప్రయోగం ఉంది. పరాయి కణజాలం మీద దాడి చేసే తెల్లకణాలైన టీ కణాలు లేని ఎలుకలకు పరాయి చర్మం అతికించారు. గాయం పూర్తిగా మానేదాకా ఆగారు. ప్రమాద సంకేతాలు సద్దుమణిగాక టీ కణాలు ఎక్కించారు. అవి ఆ చర్మాన్ని తిరస్కరించాయి. ప్రమాదమే కారణమైతే మానిన చర్మాన్ని వదిలేయాలి కదా?

రెండో విమర్శ ఇంకా ఇబ్బందికరమైనది. వేడి లాంటి ఒత్తిడికి కణాలు తయారుచేసుకునే హీట్ షాక్ ప్రొటీన్లు ప్రమాద సంకేతాలని చెప్పిన తొలి ప్రయోగాలు కొన్నింటిలో ఆ ప్రొటీన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేశారు. శుద్ధి చేశాక కూడా బ్యాక్టీరియా పొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం పిసరంత మిగిలింది. కణాలు లేచింది ఆ పిసరు వల్లే అని తర్వాత తేలింది. క్రిమి లేకుండా స్పందన వచ్చిందని చూపబోయి, తమ చేతులతోనే క్రిమి గుర్తు కలిపినట్టయింది. ఏటీపీ, యూరిక్ యాసిడ్ స్ఫటికాలు, మైటోకాండ్రియా ముక్కలు మాత్రం ఈ వడపోతను తట్టుకుని నిలిచాయి.

మూడో విమర్శ తర్కానికి సంబంధించింది. స్పందన వస్తే ప్రమాదం ఉంది అంటాం, రాకపోతే లేదంటాం. అలాగైతే ఏ ప్రయోగమూ ఈ సిద్ధాంతాన్ని ఓడించలేదు. నాకు ఈ విమర్శే గట్టిదనిపిస్తుంది. డ్యాంప్‌లు ఉన్నాయి, పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. అవే మొత్తం రోగనిరోధక వ్యవస్థకు యజమానులన్న మాటకు మాత్రం ఆధారం చాలదు. 2025 వైద్య నోబెల్ కూడా ఈ చిత్రానికి మరో పొర జోడించింది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచీలకు అది దక్కింది, సొంత కణాల మీద దాడి జరగకుండా ఆపే నియంత్రక టీ కణాల పనికిగాను. సంకేతం అందడం ఒక ఎత్తు, అందినా ఆపగలిగే కణాలుండటం మరో ఎత్తు.

ఆగని సంకేతం: రాతి దుమ్ము

విరిగిన ఎముక దగ్గర సంకేతం వారాల్లో సద్దుమణుగుతుంది. అది ఆగకపోతే ఏమవుతుందో చూడటానికి ఉత్తర తెలంగాణ వాళ్లు దూరం పోనక్కర్లేదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలున్నాయి, ఇక్కడి టాన్ బ్రౌన్ రాయికి విదేశాల్లోనూ గిరాకీ. గ్రానైట్‌లో స్ఫటిక సిలికా ఉంటుంది. డ్రిల్లింగ్‌లో, కోతలో లేచే దుమ్ములో కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తి చిట్టచివరి గదుల దాకా పోతాయి.

అక్కడి మాక్రోఫేజ్ రేణువును మింగుతుంది. అరిగించుకోలేదు. లోపలి జీర్ణసంచి చినిగి, అందులోని ఎంజైములు కణంలోకి చిమ్ముతాయి. ఇన్‌ఫ్లమసోమ్ లేస్తుంది, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వెలువడుతుంది, కణం చస్తుంది. రేణువు మాత్రం చెక్కుచెదరకుండా మళ్లీ బయటపడుతుంది. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి దాన్నే మింగుతుంది. ప్రతి చావుకూ కొత్త డ్యాంప్‌లు, ప్రతి డ్యాంప్‌కూ కొత్త కణాలు. ఏళ్ల తరబడి ఇది సాగితే ఊపిరితిత్తిలో మచ్చకట్టిన గట్టి పీచు మిగులుతుంది. అదే సిలికోసిస్. పని మానేసినా జబ్బు ముదరగలదు, ఎందుకంటే రేణువు లోపలే ఉంది. టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవాల్సిన మాక్రోఫేజ్‌లే దెబ్బతింటున్నాయి కాబట్టి.

గౌట్‌లో కాలి బొటనవేలు రాత్రికి రాత్రే ఉబ్బడం వెనకా ఇదే ఇన్‌ఫ్లమసోమ్ ఉంది. అక్కడ రేణువు యూరిక్ యాసిడ్ స్ఫటికం. 2006లో చోప్ బృందమే దీన్ని చూపింది. ఐతే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో చాలామందికి గౌట్ ఎప్పటికీ రాదు. కరిగి ఉన్న యూరిక్ యాసిడ్ వేరు, కీలులో స్ఫటికం కట్టింది వేరు.

వడదెబ్బ: రెండూ కలిసినచోటు

రామగుండం, ఆదిలాబాద్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వడదెబ్బలో ఒంటి లోపలి వేడి 40 దాటి, మనిషి మాట తడబడి స్పృహ తప్పుతాడు. ఇది జ్వరం కాదు. జ్వరంలో మెదడే గీతను పైకి జరుపుతుంది, పారాసిటమాల్ ఆ గీతను దింపుతుంది. వడదెబ్బలో గీత ఉన్నచోటే ఉంటుంది, వేడిని బయటికి తోసే శక్తి ఒంటికి చాలదు. పారాసిటమాల్‌కు అక్కడ దింపడానికి ఏమీ ఉండదు.

ఆ వేడికి కండరాల, రక్తనాళాల కణాలు పగిలి డ్యాంప్‌లు వెలువడతాయి. అదే సమయంలో రక్తం చర్మం వైపు మళ్లి పేగుకు తగ్గుతుంది. పేగు గోడ సడలి లోపలి బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ రక్తంలోకి కారుతుంది. అంటే ప్యాంప్‌లు కూడా. జేన్‌వే చెప్పిందీ, మాట్జింగర్ చెప్పిందీ ఒకే మనిషిలో ఒకేసారి జరుగుతాయి. ఒళ్లు చల్లబడ్డాక కూడా కొందరిలో కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడానికి ఈ వాపు ఒక కారణం.

సంకేతాన్ని వాడుకోవడం, ఆపడం

టీకాల్లో అల్యూమినియం లవణాలను 1930ల నుంచి వాడుతున్నారు. పిల్లలకు వేసే పెంటావాలెంట్‌లో అవి ఉన్నాయి. సూది గుచ్చినచోట కొన్ని కణాలు చచ్చి, వాటి యూరిక్ యాసిడ్, డీఎన్ఏ వెలువడి టీకాకు బలమిస్తాయని 2008, 2011లో ప్రయోగాలు చెప్పాయి. ఇన్‌ఫ్లమసోమ్ లేని ఎలుకల్లో కూడా యాంటీబాడీలు బాగానే వచ్చాయని వేరే ప్రయోగాలు చెప్పాయి. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌లో రెండు దారులూ వాడారు: అల్యూమినియంతో పాటు, క్రిమి గుర్తులను పట్టే టీఎల్ఆర్ 7, 8 గ్రాహకాలను తట్టే అణువు.

ఆపడం ఇంకా చిక్కు. గుండె రక్తనాళాల్లో పేరుకునే కొలెస్ట్రాల్ స్ఫటికాలు కూడా ఇన్‌ఫ్లమసోమ్‌ను లేపుతాయని 2010లో తేలింది. అలాంటప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకుంటే గుండెపోట్లు తగ్గాలి. ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మంది మీద కనకినుమాబ్ అనే మందు పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ అంకె మారలేదు. కానీ ఇన్ఫెక్షన్‌తో చనిపోయినవాళ్లు కాస్త పెరిగారు, దెబ్బకూ క్రిమికీ కింది దారి ఒకటే కాబట్టి. గౌట్‌కు ఎప్పటి నుంచో వాడే చవక మాత్ర కోల్చిసిన్ మీద ఆ తర్వాత దృష్టి పడింది. 2023లో అమెరికా ఔషధ సంస్థ గుండెజబ్బుకు దాని తక్కువ మోతాదును అనుమతించింది. ఆ మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన వెంటనే అదే మాత్ర మొదలుపెడితే మేలుందా అని ఏడు వేల మంది మీద జరిగిన పరీక్షలో ప్రయోజనం కనబడలేదు.